నాటిన జుట్టు ఎవరి మాట వింటుంది?

ప్రొద్దుటూరు పాఠకుడొకరు ఈ నెల పంపిన ప్రశ్న చిన్నదే. "తల వెనక జుట్టు తీసి ముందు నాటితే అది ఎన్నేళ్ళు ఉంటుంది? ప్రకటనల్లో జీవితాంతం అంటున్నారు. మా బంధువు ఒకాయనకు ఐదేళ్ళకే పలచబడింది. ఎవరి మాట నమ్మాలి?" కర్నూలు, కడప పట్టణాల్లో పెళ్ళీడు కుర్రాళ్ళు చాలామంది పైకి అడగలేక లోపల్లోపల దాచుకునే ప్రశ్న ఇది. జవాబు వెతుకుతూ పోతే చర్మశాస్త్రం మొత్తంలోనూ అతి అందమైన ప్రయోగాల్లో ఒకటి ఎదురవుతుంది. దాన్ని రెండు ముక్కల్లో చెప్పి వదిలేయడానికి మనసొప్పదు.

ముందుగా ప్రాథమిక సంగతులు. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి వెంట్రుకా చర్మంలో లోతుగా ఉన్న కుదురులోంచి పుడుతుంది, రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, కొద్ది నెలలు ఆగిపోతుంది, రాలుతుంది. అదే కుదురులో ఇంకొకటి మొలుస్తుంది. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. బట్టతలలో జరిగేది వేరు. ఒక్కో విడతకూ కుదురు చిక్కిపోతుంది. పెరిగే కాలం తగ్గిపోతుంది. లావుపాటి నల్లని వెంట్రుకకు బదులు నూగు మొలుస్తుంది. చివరికి కంటికి ఏమీ ఆనదు.

జుట్టు మార్పిడి అంటే తల వెనక నుంచి కుదుళ్ళను సజీవంగా తీసి ముందు నాటడం. అలా తీసి నాటే ఒక్కో చిన్న ముక్కను గ్రాఫ్టు అంటారు, అందులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి. నాటిన కొద్ది వారాలకు ఆ వెంట్రుకల్లో చాలా భాగం రాలిపోతాయి. డబ్బు పోయిందని హడలిపోవాల్సిన పని లేదు, కుదురు లోపల బతికే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలకలు కనిపిస్తాయి, ఏడాది గడిచేసరికి అసలు రూపం తేలుతుంది. కొత్త కుదురు ఒక్కటీ పుట్టలేదు, ఉన్నవాటికే చోటు మారింది.

ఇక్కడే అసలు ప్రశ్న పుడుతుంది. ముందు ఉన్న జుట్టు ఆ నేలలో నిలవలేక పోయింది కదా. అదే నేలలో నాటిన జుట్టు మాత్రం ఎందుకు నిలవాలి?

ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా వైద్యుల్లో ఎక్కువమంది నిలవదనే అనుకున్నారు. ఎందుకంటే తప్పు నేలదేనని వాళ్ళ నమ్మకం. నెత్తి మీద చర్మం బిగుసుకుని రక్తం సరిగా అందదని కొందరన్నారు. టోపీ బిగించి పెట్టుకోవడం వల్లనని ఇంకొందరన్నారు. టోపీయే కారణమైతే ఎండలో బతుకంతా తలగుడ్డ చుట్టుకుని తిరిగిన రాయలసీమ రైతుల్లో ఒక్కరికీ జుట్టు మిగలకూడదు. అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే పొరపాటు ఫ్రెంచి చర్మవైద్యుడు రేమండ్ సబరోది. చర్మం మీది శిలీంధ్రాల గురించి ఆయనంత లోతుగా చూసినవారు ఆనాడు లేరు. తామరలాంటి జబ్బుల్ని గుర్తించడానికి శిలీంధ్రాలను పెంచే సబరో అగర్ ఈనాటికీ ప్రపంచమంతటా మైక్రోబయాలజీ ల్యాబుల్లో ఆయన పేరుతోనే ఉంది. అంతటివాడు, 1890లలో, బట్టతల ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని ప్రకటించాడు. జిడ్డు చర్మంలో ఒక బాక్టీరియా కనిపించింది, బట్టతలవారి నెత్తి జిడ్డుగా ఉంటుంది, రెంటినీ కలిపేశాడు. ఆ బాక్టీరియా దాదాపు అందరి చర్మం మీదా ఉంటుంది.

మన దగ్గర ఆ నింద బోరు నీళ్ళ మీద పడుతుంది. కర్నూలు, కడప ప్రాంతాల్లో చాలా ఊళ్ళ భూగర్భజలం ఉప్పన, సబ్బు నురగ రాని కఠినజలం. ఆ నీటితో తలంటుకుంటే జుట్టు బిరుసెక్కుతుంది, చిక్కుపడుతుంది, దువ్వెనకు తెగుతుంది. ఇది నిజమే. కానీ ఆ నీరు తగిలేది చర్మం పైకొచ్చిన వెంట్రుకకే. నుదుటి మూలల నుంచి మొదలై నడినెత్తికి పాకే మగవారి బట్టతలకు అది కారణం కాదు. ఆ నీళ్ళే తల వెనక కూడా పడుతున్నాయి కదా, అక్కడ జుట్టు దిట్టంగా ఉంటోంది.

సరైన దారి పట్టించినవాడు అమెరికన్ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు జేమ్స్ హామిల్టన్. నపుంసకులకు బట్టతల రాదని అరిస్టాటిల్ ఎప్పుడో గమనించాడు. ఎందుకు రాదన్నది తేల్చింది 1942లో హామిల్టన్. యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయిన మగవారిని ఆయన పరిశీలించాడు. వారికి బట్టతల లేదు. వారికి మగ హార్మోను టెస్టోస్టిరాన్ ఇచ్చి చూశాడు. కుటుంబంలో బట్టతల ఉన్నవారికి జుట్టు పలచబడడం మొదలైంది, లేనివారికి కాలేదు. హార్మోను ఆపేస్తే పలచబడడం ఆగింది, పోయింది మాత్రం తిరిగి రాలేదు. అంటే హార్మోను ఒక్కటే చాలదు, దానికి లొంగే గుణం కూడా వారసత్వంగా రావాలి. ఆ గుణం ఎక్కడ ఉంటుంది? నెత్తి చర్మంలోనా, రక్తనాళాల్లోనా, కుదురులోనే ఉందా?

న్యూయార్కు చర్మవైద్యుడు నార్మన్ ఒరెన్‌ట్రైక్ 1950లలో చేసిన ప్రయోగం ఈ ప్రశ్నకే సూటిగా గురిపెట్టింది. దాని సరళత చూస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. సన్నని గుండ్రని కత్తితో చర్మంలో చిన్న బిళ్ళలు తీసి వాటి చోట్లు మార్చాడు. జుట్టున్న చోటి బిళ్ళను బట్టతల మీద పెట్టాడు. బట్టతల బిళ్ళను జుట్టున్న చోట పెట్టాడు. తేడా వస్తే కోత వల్ల వచ్చిందేమోనన్న అనుమానం తీరడానికి, జుట్టు బిళ్ళను జుట్టులోనే, బట్ట బిళ్ళను బట్టలోనే కూడా మార్చి చూశాడు. జుట్టున్న బిళ్ళ ఎక్కడ పెట్టినా జుట్టు ఇస్తూనే ఉంది. బట్ట బిళ్ళ ఒత్తైన జుట్టు మధ్య నాటినా బట్టగానే మిగిలింది. నేల తప్పు లేదు, రక్తం తప్పు లేదు. కుదురు తాను ఏ చోటి నుంచి వచ్చిందో ఆ చోటి స్వభావాన్నే వెంట తెచ్చుకుంటోంది. కె.సి. కాలువ కింద నారుమడిలో పెంచిన సోనా రకం వరి నారును ఏ చేలో నాటినా సోనాయే పండినట్టు. చేను బాగుంటే పిలకలు బాగా వేస్తుంది, లేకుంటే గిడసబారుతుంది, రకం మాత్రం మారదు.

ఫలితాలు 1959లో న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రచురణలో వెలువడ్డాయి. ఇరవై ఏళ్ళ ముందే, 1939లో, జపాన్‌లో షోజి ఒకుడా అనే వైద్యుడు జుట్టున్న చర్మపు బిళ్ళల్ని మచ్చల మీద, కనుబొమల మీద నాటి జపనీసులో వ్యాసాలు రాశాడు. యుద్ధం ముంచుకొచ్చి ఆ పని పశ్చిమ దేశాల కంట పడలేదు. పనితనంలో ఒకుడాదే ముందడుగు. అయితే మగవారి బట్టతలలో తప్పు కుదురుదా నేలదా అని నాలుగు వైపుల నుంచీ పరీక్ష పెట్టింది ఒరెన్‌ట్రైక్. శాస్త్రం ముందుకు జరిగింది ఆ పరీక్షతోనే.

ఆ వాదనకు ముద్ర వేసింది ఫిన్లండ్ వైద్యుడు రోల్ఫ్ నోర్డ్‌స్ట్రోమ్. పలచబడుతున్న చోటి కుదుళ్ళను, పలచబడని చోటి కుదుళ్ళను తీసి ఒకే మనిషి ముంజేతి మీద నాటాడు. ముంజేతికి బట్టతల అనేదే లేదు. అయినా, 1979లో ఆయన ప్రకటించినట్టు, నెత్తి మీద ఆ చోట జుట్టు ఎంత వేగంగా పోతోందో ముంజేతి మీదికి వచ్చిన ఆ చోటి జుట్టూ అంతే వేగంగా పోయింది. కుదురులో ఉన్నది స్వభావమే కాదు, కాలక్రమం కూడా.

ఈ విభజనను రాయలసీమవాసులు ఏ పరికరమూ లేకుండా చూడవచ్చు. శ్రీశైలంలోనో తిరుమలలోనో తలనీలాలు ఇచ్చి వచ్చిన నడివయసు మగవారి తలను నాలుగైదు రోజుల తర్వాత గమనించండి. మంగలి కత్తి కుదురును తాకదు కాబట్టి ఎక్కడెక్కడ కుదురు గట్టిగా ఉందో అక్కడ నల్లని నీడ లేస్తుంది. ఒక చెవి పైనుంచి వెనక మీదుగా రెండో చెవి దాకా వెడల్పాటి పట్టీ ముదురుగా కనిపిస్తుంది. నడినెత్తి మీద నీడ పలచగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఆ ముదురు పట్టీయే వైద్యులు డోనర్ ఏరియా అనే చోటు. పొడుగు జుట్టు కప్పేసిన హద్దును గుండు బయటపెడుతుంది. కొంతమందిలో ఆ పట్టీ ఆశ్చర్యపోయేంత సన్నగా ఉంటుంది. అలాంటివారికి జుట్టు నాటుతామని ముందుకొచ్చేవారు తొందరపడుతున్నారనే అర్థం.

మరి ఒకే తల మీద పక్కపక్కన ఉన్న కుదుళ్ళకు ఇంత తేడా ఎలా వచ్చింది?

కుదురు అడుగున పాపిల్లా అనే చిన్న కణాల ముద్ద ఉంటుంది. వెంట్రుక ఎంత లావుగా రావాలో, ఎన్నాళ్ళు పెరగాలో ఆజ్ఞ ఇచ్చేది అదే. టెస్టోస్టిరాన్ 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము చేతిలో పడి డీహెచ్‌టీ అనే మరింత బలమైన రూపంలోకి మారుతుంది. డీహెచ్‌టీ పాపిల్లా కణాల్లోని గ్రాహకాలకు అతుక్కుని పని మొదలుపెడుతుంది. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాలరీ రాండాల్ బృందం 1990లలో ఈ కణాలను గాజుపాత్రల్లో పెంచి చూసింది. బట్టతల వచ్చే చోటి కణాల్లో ఆ గ్రాహకాలు ఎక్కువ, వెనకభాగం కణాల్లో తక్కువ. శరీరం నుంచి వేరై, రక్తం నుంచి వేరై, గాజు మీద పెరుగుతున్నా ఆ తేడా పోలేదు. గడ్డం కుదుళ్ళది మరీ వింత: ఏ హార్మోను నెత్తి మీది కుదురును చిక్కించేస్తుందో, అదే హార్మోను గడ్డం కుదురును లావెక్కిస్తుంది. గడ్డం పాపిల్లా ఆ హార్మోను తగిలితే పెరుగుదలను పెంచే ప్రోటీనును వదులుతుంది. బట్టతల చోటి పాపిల్లా టీజీఎఫ్-బీటా అనే అడ్డుపుల్ల వేసే ప్రోటీనును వదులుతుంది. అందుకే నిండు గడ్డంతో నున్నని నెత్తి ఉన్న మగవారు కనిపిస్తారు. రెండు కుదుళ్ళకూ ఆజ్ఞ ఒకటే, వినే తీరు వేరు.

వినే తీరు ఎందుకు వేరంటే, కణం తన చిరునామాను జన్యువుల మీదే గుర్తులుగా పెట్టుకుంటుంది. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, బట్టతల ఉన్న మగవారి తల వెనక కుదుళ్ళలో ఆ గ్రాహకపు జన్యువు మీద మిథైల్ గుర్తులు ఎక్కువగా కనిపించాయి. మిథైల్ గుర్తు పడిన జన్యువు సాధారణంగా నోరు మెదపదు. స్టాన్‌ఫర్డ్‌లో హోవార్డ్ చాంగ్ బృందం శరీరంలో వేర్వేరు చోట్ల నుంచి తీసిన చర్మకణాలను పాత్రల్లో పెంచి, పాదం కణం పాదం కణంగానే, నెత్తి కణం నెత్తి కణంగానే ప్రవర్తిస్తుందని చూపింది. ఇంకా వెనక్కి, గర్భంలోకి వెళ్తే మూలం దొరకవచ్చు. పక్షి పిండాల మీద ఫ్రాన్సులో చేసిన పరిశోధనల్లో తల ముందుభాగపు లోపలి చర్మం న్యూరల్ క్రెస్ట్ అనే కణాల నుంచి, వెనకభాగానిది మీసోడెర్మ్ అనే వేరే పొర నుంచి వస్తాయని తేలింది. మనిషిలోనూ ఇంతేనైతే ముందు జుట్టు, వెనక జుట్టు పుట్టుకతోనే రెండు వంశాలు.

వంశం మాట వచ్చింది కాబట్టి మేనమామ సంగతీ చెప్పుకోవాలి. బట్టతలకు మేనమామను చూడమని ఊళ్ళలో అంటారు. అందులో గట్టి నిజం ఉంది. ఆ గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, మగపిల్లవాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. తల్లికీ ఆమె అన్నదమ్ములకీ అది అమ్మమ్మ నుంచి పంచుకున్న ఆస్తి. తండ్రి ఎక్స్ కొడుక్కి రానే రాదు. అయితే రాయలసీమలో అక్క కూతురిని చేసుకునే ఆచారం ఉంది. ఆ ఇళ్ళలో తండ్రి వరసకు తల్లికి మేనమామ కూడా. లెక్క వేస్తే ఆ ఎక్స్ జన్యువు తండ్రికీ కొడుక్కీ ఒకే చోటి నుంచి వచ్చివుండే అవకాశం ఎనిమిదింట ఒకటి. మామూలు పెళ్ళిలో అది సున్నా. కానీ మొత్తం కథ ఎక్స్ ఒక్కదానిదే కాదు. బ్రిటన్‌లో 52 వేలమందికి పైగా మగవారిని పరిశీలించి 2017లో ప్రకటించిన అధ్యయనంలో బట్టతలతో ముడిపడిన జన్యుస్థానాలు 280కి పైగా తేలాయి. ఎక్స్ మీద ఉన్నవి వాటిలో 40 మాత్రమే. తండ్రి తలనూ చూడాల్సిందే.

ఇప్పుడు ప్రొద్దుటూరు ప్రశ్నకు సూటిగా రావచ్చు. నాటిన జుట్టు, తీసిన చోట ఎన్నాళ్ళు ఉండేదో సుమారు అన్నాళ్ళు ఉంటుంది. కాబట్టి "ఎన్నేళ్ళు?" అన్న ప్రశ్నను నుదుటిని కాదు, తల వెనకభాగాన్ని అడగాలి. వెనక జుట్టు కూడా అందరిలో శాశ్వతం కాదు. కెనడా వైద్యుడు వాల్టర్ అంగర్ 65 ఏళ్ళు దాటిన 328 మంది మగవారి తలలు పరిశీలించి, ముసలితనంలోనూ జుట్టు నిలిచే పట్టీ హద్దులను 1994లో గీశాడు. ఆ హద్దు దాటి పైనుంచో, మరీ మెడ కిందనుంచో తీసిన కుదుళ్ళు ముందు నాటాక కూడా తమ పాత కాలక్రమం ప్రకారం కొన్నేళ్ళకు సన్నబడిపోతాయి. అప్పుడు నాటిన పని తప్పినట్టు కనిపిస్తుంది. నిజానికి తప్పు ఎంపికలో ఉంది. కొందరిలో జుట్టు మెడ నుంచి పైకీ పలచబడుతుంది, ఇంకొందరిలో తలంతా ఒకేలా పలచబడుతుంది. అలాంటి తలలో నమ్మి తీయదగిన చోటే ఉండదు.

పట్టీలోంచే తీసినా పూర్తి హామీ ఉందా? దక్షిణ భారతం నుంచే వచ్చిన ఒక అధ్యయనం ఇక్కడ చాలా ముఖ్యం. కోయంబత్తూరుకు చెందిన చర్మవైద్యుడు కుమరేశన్, మరొకరితో కలిసి, జుట్టు నాటించుకున్న 112 మందిని నాలుగేళ్ళ తర్వాత చూసి 2021లో ఫలితాలు ప్రకటించారు. నాటిన జుట్టు ఏమాత్రం తగ్గనివారు 10 మంది. కొద్దిగా తగ్గినవారు 31, ఒక మోస్తరుగా తగ్గినవారు 62, బాగా తగ్గినవారు 9 మంది. సర్జన్లు ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్న "శాశ్వతం" అనే మాటకు ఈ అంకెలు గట్టి దెబ్బ. అంటే ఒరెన్‌ట్రైక్ తప్పా? కాదు. కుదురు జ్ఞాపకం గట్టిదే, కానీ నేల మాట పూర్తిగా వినకుండానూ ఉండదు. కొరియా వైద్యుడు హ్వాంగ్ తల వెనక జుట్టును కాలి మీద నాటితే అది నెమ్మదిగా పెరిగింది. దాన్నే మళ్ళీ తల మీదికి తెస్తే వేగం తిరిగొచ్చింది. 2002లో ప్రచురించిన ఈ ప్రయోగం, కోయంబత్తూరు లెక్కలు కలిపి చదివితే స్వభావం కుదురుది, ఎదుగుదలలో కొంత వాటా నేలది అని ఒప్పుకోక తప్పదు. ప్రొద్దుటూరు బంధువు అనుభవం అరుదైనది కాదు.

ఇంకో కారణం కూడా ఉంది, అది కళ్ళకు మోసం చేస్తుంది. నాటిన జుట్టు నిలిచినా, దాని చుట్టూ ఉన్న పాత జుట్టు పోతూనే ఉంటుంది. 22 ఏళ్ళకు నుదుటి గీత నింపించుకున్న కుర్రాడికి 35 వచ్చేసరికి ఆ గీత నిలబడి, దాని వెనక నడినెత్తి ఖాళీ అవుతుంది. మళ్ళీ నింపుదామంటే డోనర్ ఏరియా అపరిమితం కాదు, ఒక జీవితకాలానికి కొన్ని వేల గ్రాఫ్టులే. చిన్న వయసులో నాటించుకోవద్దని మంచి వైద్యులు చెప్పేది అందుకే. పేనుకొరుకుడు అనే నాణెం ఆకారపు మచ్చల జబ్బులోనూ నాటడం పనికిరాదు. అందులో పేనూ లేదు, కొరుకుడూ లేదు. శరీరపు రక్షణకణాలే కుదుళ్ళ మీద దాడి చేస్తాయి, కొత్తగా నాటినవాటినీ వదలవు.

మిగిలిన జుట్టును నిలిపే మందు ఫినాస్టిరైడ్ పుట్టుక కూడా ఈ కథలోదే. డొమినికన్ రిపబ్లిక్‌లోని సాలినాస్ గ్రామంలో 5-ఆల్ఫా రిడక్టేజ్ లోపంతో పుట్టినవారి గురించి జూలియన్ ఇంపెరాటో-మెగిన్లీ బృందం 1974లో సైన్స్ పత్రికలో రాసింది. వారికి డీహెచ్‌టీ తక్కువ, పెద్దయ్యాక నుదుటి గీత వెనక్కి జరగలేదు. ఆ ఎంజైమును అడ్డుకునే మాత్రను బట్టతలకు అమెరికా 1997లో అనుమతించింది. మాత్ర మానేస్తే నిలిచింది మళ్ళీ పోతుంది. దుష్ప్రభావాలూ ఉన్నాయి, కాబట్టి వైద్యుడు రాస్తేనే వేసుకోవాలి.

వ్యాపారం తీరు మీద మాత్రం కోపం రాక మానదు. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ జుట్టు మార్పిడి మీద మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబులోనో చూసి నేర్చుకోవడం శిక్షణ కాదని రాయాల్సి వచ్చింది. ఆ మాట రాయాల్సిన పరిస్థితి వచ్చిందంటేనే ఏం జరుగుతోందో అర్థమవుతుంది. తీసిన కుదుళ్ళకు అన్నిటికన్నా పెద్ద శత్రువు ఎండిపోవడం. వాటిని చల్లని ద్రవంలో తడిగా ఉంచి గంటల లోపే నాటాలి. 44 డిగ్రీలు దాటే కర్నూలు వేసవిలో, కరెంటు పోయే గదిలో, ఒకేసారి వేలకు వేలు తీసి బల్ల మీద పెట్టుకునేవారి చేతికి తల అప్పగించకూడదు. క్లినిక్కు గడప తొక్కేముందు కర్నూలు సర్వజన వైద్యశాలలోనో కడప రిమ్స్‌లోనో చర్మవైద్యులకు ఒకసారి చూపించుకోవాలి. వెనక జుట్టును భూతద్దంతో చూసి సన్నబడుతున్న కుదుళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పమని అడగాలి.

తలనీలాల జుట్టును నాటలేమా అని కూడా కొందరికి అనుమానం. కత్తిరించిన జుట్టుకు కుదురే ఉండదు, వేరేవారి కుదురు తెచ్చి నాటితే శరీరం తిప్పికొడుతుంది. కానీ ఈ నియమానికి ఒక అబ్బురమైన మినహాయింపు దొరికింది. 1999లో నేచర్ పత్రికలో వెలువడిన ప్రయోగంలో, ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయానికి చెందిన కాలిన్ జహోడా తన నెత్తి కుదురు అడుగు తొడుగు కణాలను సహ పరిశోధకురాలు అమాండా రెనాల్డ్స్ ముంజేతిలో పెట్టించాడు. అక్కడ వెంట్రుకలు మొలిచాయి, ఆమె శరీరం వాటిని తిప్పికొట్టలేదు. అప్పటి నుంచి వేట కణాలను పెంచి, లెక్కలేనన్ని కుదుళ్ళు చేయడం మీద సాగుతోంది. చిక్కల్లా పాపిల్లా కణాలు చదునైన పాత్రలో పెరిగితే వెంట్రుకను పుట్టించే శక్తి మరిచిపోతాయి. 2013లో జహోడా, న్యూయార్కులోని ఏంజెలా క్రిస్టియానోల బృందం వాటిని వేలాడే చుక్కల్లో ఉండలు కట్టేలా పెంచింది. ఆ ఉండలను మనిషి చర్మపు ముక్కల్లో ఉంచి ఎలుకల మీద నాటింది. ఏడుగురు దాతల కణాల్లో ఐదుగురివి కొత్త వెంట్రుకలు మొలిపించాయి. పాపిల్లా మరిచిపోయిన జన్యువుల్లో కొన్ని మళ్ళీ పనిచేయడం మొదలైంది, అన్నీ కాదు.